చేత్తో కొట్టిన బరువు

రొసెందో ఎరాసో మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి నాలుగంతస్తుల ఎత్తున్న పరంజా మీంచి పడి చనిపోయాడు. యార్డువాళ్లు ప్రమాదం అన్నారు. పోలీసులూ ప్రమాదమే అన్నారు, హత్య అంటే నింపాల్సిన ఫారాలు ఎక్కువ కాబట్టి. రొసెందోకి ఎత్తంటే భయం. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా పరంజా ఎక్కనివాడు ఆ రోజెందుకు ఎక్కాడన్న అనుమానం మా కార్తహేనా మేధావుల్లో ఒక్కరికీ రాలేదు.

అతను మమొనాల్ పారిశ్రామికవాడలో, ఓడలు కట్టే యార్డులో బరువుల ఇంజనీరు. కంప్యూటర్లో గీసిన ఓడ బొమ్మలో ప్రతి రేకుకీ, ప్రతి గొట్టానికీ, ప్రతి కుర్చీకీ బరువు కట్టి, మొత్తం ఎంతైందో, ఆ బరువు ఎంత ఎత్తులో ఉందో చెప్పడం అతని పని. పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకునే ఉద్యోగం కాదు. కానీ కొత్త ఓడ నీళ్లలో పడేదాకా దాని బరువు తెలిసేది ఆ ఒక్క మనిషికే.

గురువారం మధ్యాహ్నం మాంగా వంతెన దగ్గర ఆగివున్న నల్ల కారులోకి నూబియా కబార్కస్ ఎక్కింది. ఏభై ఏళ్లు, బండ చెప్పులు, చేతిలో కూరగాయల సంచి. వెనక సీట్లో కర్నల్ ఊర్రేగో ఉన్నాడు. రాజధాని బొగొటా నుంచి వచ్చాడు. జుట్టుకి వేసిన రంగు ఆ ఎండకి చెవుల మీదకి కారుతోంది.

"ఏజెంట్ పద్దెనిమిది."

"పేరు పెట్టి పిలవండి సార్. కార్లో ఉన్నది మనిద్దరమే."

"ఆల్బట్రాస్ ముఠా కార్తహేనాలో దిగింది."

ఆల్బట్రాస్ అంటే ఒక విదేశీ ఓడల కంపెనీ జీతమిచ్చి పోషిస్తున్న గూఢచారుల గుంపు. తీరరక్షణ ఓడల టెండరులో మా యార్డు చేతిలో ఓడిపోయిన కంపెనీ అది. బాగా కట్టడం చేతకానివాళ్లు బాగా పగ పట్టడం నేర్చుకున్నారు.

"వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మొదటి ఓడని నీళ్లలోకి దింపుతున్నారు. కొనడానికి మూడు దేశాల వాళ్లు వస్తున్నారు. ఈలోగా ముఠా డ్రాయింగులు దొంగిలిస్తుంది. ఎవరు దొంగిలిస్తున్నారో నువ్వు ఫొటో తియ్యాలి. అంతే నీ మిషన్."

"డ్రాయింగులు కావలసినవాళ్లు బరువుల ఇంజనీర్ని ఎందుకు చంపారు సార్?"

"ఆలోచించడానికి బొగొటాలో వేరే విభాగం ఉంది, నూబియా."

కర్నల్ ఒక థర్మాస్ ఫ్లాస్కు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. దాని మూతిలో కెమెరా ఉంది. సాంకేతిక విభాగం ఎనిమిది నెలలు శ్రమించి తయారు చేసిందట. ఆమె అవతారం తింతో పోసే ఆవిడ. తింతో అంటే నల్ల కాఫీ. ఈ దేశంలో ఏ ఆఫీసూ అది పోసే ఆవిడ లేకుండా నడవదు. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఏ ఆఫీసరుకీ తెలీదు.

"లోపల మన మనిషి ఇంకొకరున్నారు. ఇవోన్ వెర్గారా. రెండు నెలల నుంచి కన్సల్టెంటు వేషంలో ఉంది. ఆమెని నమ్ము. నాకు ఫోన్ చేస్తే ముందు కోడ్ చెప్పాలి. 'పెలికాన్‌కి జలుబు చేసింది.'"

"తగ్గాక ఏం చెప్పాలి సార్?"

కర్నల్‌కి అది హాస్యమని అర్థం కావడానికి కారు రెండు వీధులు దాటాల్సి వచ్చింది.

నూబియాని ఎంచుకోవడానికి కారణం ఆమె తెలివి కాదు. ఆమె అన్న దగొబెర్తో ఆ యార్డులోనే ఓడలు దింపే మేస్త్రీ. చెల్లెలికి కాఫీ పని ఇప్పించడం అతనికి తేలిక. ఆమె ఈ గూఢచారి శాఖలోకి రాకముందు పదకొండేళ్లు బార్రాంకియాలో ఓడల డ్రాయింగులు గీసిందన్న సంగతి ఫైల్లో ఉంది. ఫైలు తెరవడం కర్నల్ హోదాకి తక్కువ.

మొదటి కప్పు పోయగానే ఆవిరి పట్టి కెమెరా గుడ్డిదైపోయింది. ఎనిమిది నెలలు శ్రమించిన మహానుభావుల్లో ఒక్కడికీ కాఫీ వేడిగా ఉంటుందని తట్టలేదు. నూబియా ఇక కళ్లనే నమ్ముకుంది. ఇరవై నాలుగు బల్లలు, ఇరవై నాలుగు తెరలు, రోజుకి నాలుగుసార్లు. ఆమె వస్తే ఎవరూ తెర మార్చేవారు కాదు, మాట ఆపేవారు కాదు. పిల్లి వచ్చినా కాస్త పట్టించుకునేవారేమో.

ఆ ఇరవై నాలుగు మందికీ పెద్ద డాక్టర్ ఆర్హెమీరో లొజానో. వైద్యుడు కాదు, పరిశోధనా చెయ్యలేదు. మా దగ్గర టై కట్టుకున్నవాడల్లా డాక్టరే. అతని కంప్యూటర్లో ఓడ మొత్తం ఉండేది, అతను పేకాట ఆడేవాడు.

రొసెందో కుర్చీలో ఇప్పుడు ఇవోన్ వెర్గారా కూర్చుంటోంది. తెల్ల సూటు, ఎర్ర గోళ్లు, ఆమె నడిచొస్తుంటే ఆఫీసంతా మౌసు వదిలేసేది. నూబియాతో ఆమె పలికిన మొదటి మాట "చక్కెర లేకుండా". రెండో మాట, పెదవులు కదపకుండా, "కర్నల్ చెప్పాడు. నా దారికి అడ్డు రాకు."

సోమవారం ఒక తెర మీద నూబియా చూపు ఆగింది. ఓడని నడిపే గదులూ, రాడారు స్తంభమూ ఉండే పై అంతస్తు. కుర్ర ఇంజనీర్లు దాన్ని ఒక అసెంబ్లీగా, అంటే వేల ముక్కలు కలిపిన ఒకే వస్తువుగా గీశారు. దాని బరువు 61.4 టన్నులు. ఓడకి ముందే బిగించేసినవాటిని ఇప్పుడు బొమ్మలోకి ఎక్కిస్తున్నారు. బుధవారం అదే అంతస్తులో నీటి ఫిరంగి పెట్టారు, రెండు ఏసీ యంత్రాలు పెట్టారు, గోడలకి మందపాటి రేకులు తొడిగారు. బరువు 61.4 టన్నులు. గురువారం రాడారు స్తంభం మార్చి, దానికి రెట్టింపు లావుది పెట్టారు. బరువు అక్షరాలా 61.4 టన్నులు. ఎంత తిన్నా లావెక్కని అంతస్తు.

డిగ్రీలున్న ఇరవై నాలుగు మందికి అది వింతగా అనిపించలేదు.

ఈ రోగం కంప్యూటర్లో బొమ్మలు గీసేవాళ్లకే ఉంటుంది. కంప్యూటర్ తక్కెడ కాదు. ప్రతి ముక్క ఎంత చోటు తింటుందో చూసి, అది ఇనుమో అల్యూమినియమో చెబితే లెక్క కట్టి, అన్నీ కూడుతుంది. కానీ బయటి కంపెనీ పంపే యంత్రాల బొమ్మలు ఉత్త పెంకులు, లోపల బోలు. దాంతో ఇంజనీరు బరువు గడిలో ఒక అంకె చేత్తో కొడతాడు. ఒకసారి చేత్తో కొట్టాక కంప్యూటర్ కూడటం మానేస్తుంది. తర్వాత అందులో ఏనుగుని పెట్టినా ఆ అంకె మారదు. తాత్కాలికంగా కొట్టిన అంకెని తీసెయ్యాలని అందరికీ తెలుసు, ఎవరూ తియ్యరు. రొసెందో ఒక్కడే వారానికోసారి కూర్చుని అన్నీ తీసి మళ్లీ కూడించేవాడు. వాణ్ని పరంజా ఎక్కించారు.

శుక్రవారం పన్నెండింటికి ఆఫీసు మొత్తం భోజనానికి లేచింది. ప్రళయమొచ్చినా మావాళ్లు పన్నెండు నుంచి రెండు దాకా వేయించిన చేప, కొబ్బరన్నం ముందు నుంచి కదలరు. నూబియా ఆర్హెమీరో కుర్చీలో కూర్చుంది. పాస్‌వర్డు కీబోర్డు కింద చీటీ మీద ఉంది.

ఆమె పేకాట మూసి, ఓడ తెరిచింది. ముందు ఒక పరీక్ష. వంద టన్నుల ఇనుప దిమ్మని గీసి, పై అంతస్తు మధ్యలో పెట్టింది. మళ్లీ కూడమంది. 61.4 టన్నులు.

దిమ్మ తీసేసింది. చేత్తో కొట్టిన అంకెని చెరిపేసింది. కంప్యూటర్ చాలాసేపు ఆలోచించింది. రొసెందో పోయాక దాన్ని నిజం అడగడం అదే మొదటిసారి మరి.

103.8 టన్నులు.

నలభై రెండు టన్నులు ఎక్కువ, అదీ నెత్తిమీద. కిందికంటే పైన బరువెక్కువైన ఓడ నీళ్లలో పడగానే తేలదు, పక్కకి పడుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి దాని డెక్కు మీద నలభై మూడు మంది ఉంటారు, తాళ్లు పట్టేవాళ్లు, కవాటాలు చూసేవాళ్లు. వాళ్ల ముందు ఆమె అన్న నిలబడి ఉంటాడు.

"కాఫీ ఇక్కడ చేస్తున్నావా ఇవాళ?"

గుమ్మంలో ఇవోన్. చేతిలో బంగారు రంగు లిప్‌స్టిక్ గొట్టం, దాని కొన నూబియా వైపు ఉంది. ఒకే తూటా పట్టే రకం.

"అంకె నువ్వే కొట్టావా?" అంది నూబియా.

"మొదట పిల్లలే కొట్టారు. ఎప్పటికీ తియ్యకుండా చూడటమే నా పని."

"రొసెందో?"

"మూడుసార్లు తీశాడు. మర్యాదగా చెప్పాను. వినలేదు."

"కర్నల్ జీతం తింటూ ఆల్బట్రాస్‌కి పనిచేస్తున్నావన్నమాట."

"కర్నల్ ఇచ్చేదాన్ని జీతమంటారా?" ఇవోన్ నవ్వింది. "మూడు దేశాల వాళ్లు చూస్తుండగా ఓడ బోర్లా పడుతుంది. ఇక ఈ యార్డు దగ్గర ఎవరూ చేపల పడవ కూడా కొనరు."

"దాని మీద నలభై మూడు మంది ఉంటారు."

"సముద్రం పక్కన పుట్టారుగా. ఈదుకుంటారు."

నూబియా లేచి నిలబడింది. చెంప పగలగొట్టాలని చెయ్యి దురద పెట్టింది. ఇవోన్ లిప్‌స్టిక్ గొట్టానికి మూత పెట్టి బ్యాగులో పడేసింది.

"నీ మీద తూటా ఎందుకు దండగ? వెళ్లి చెప్పుకో. ఓడ బరువు తప్పని కాఫీ పోసే ఆవిడ చెబితే ఎవరు నమ్ముతారో నాకూ చూడాలనుంది." అంటూ వంగి గడిలో 61.4 మళ్లీ కొట్టింది. "వెళ్తూ ఒక తింతో పొయ్యి. చక్కెర లేకుండా."

నూబియా పొయ్యలేదు. ఆ ఆఫీసులో ఒకరు అడిగినా ఆమె కాఫీ పొయ్యనిది ఆ ఒక్కసారే.

కర్నల్‌కి ఫోన్ చేసింది.

"పెలికాన్‌కి జలుబు చేసింది. ఇవోన్ వాళ్ల మనిషి, ఓడ మునగబోతోంది."

"కోడ్ తప్పు."

"మీరిచ్చిందే సార్."

"నిన్న మారింది."

"నాకెవరూ చెప్పలేదే."

"రహస్యం కాబట్టి చెప్పలేదు," అని కర్నల్ పెట్టేశాడు.

తర్వాత ఆర్హెమీరో. క్యాంటీన్లో చేప ముల్లు తీస్తూ ఆమె మాట పూర్తిగా విన్నాడు. విని, "రెండు కాఫీలు, ఒకటి పాలతో," అన్నాడు.

ఒంటిగంటా నలభై అయింది. నూబియా ఓడ దగ్గరికి పరిగెత్తింది. దగొబెర్తో కింద, ఓడని మోసే చట్రానికి గ్రీజు పూయిస్తున్నాడు. ఏభై ఎనిమిదేళ్ల మనిషి, ఇప్పటికి ముప్పై ఓడలు దింపాడు. చెల్లెలు ఒగరుస్తూ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నలభై రెండు టన్నులా?"

"నా కళ్లతో చూశానన్నా. నువ్వు ఎక్కొద్దు."

"నేను దిగిపోయి, ఆ నలభై రెండు మందిని ఎక్కించమంటావా? సిగ్గులేకుండా మాట్లాడకే."

"అయితే దింపడం ఆపు."

"ఆపితే గంటలో ఇంకోణ్ని పెట్టి దింపుతారు. వాడికి ఇది కూడా తెలీదు." అతను గడ్డం గోక్కున్నాడు. "అడుగున ట్యాంకులున్నాయి, ఖాళీగా. వాటిలో నూట అయిదు టన్నుల సముద్రం పోస్తే నీ నలభై రెండుకి సరిపోతుందా?"

నూబియా సిగరెట్ పెట్టె మీద లెక్క వేసింది. సరిపోతుంది.

"చట్రం ఆగుతుందా?"

"ఆరొందల టన్నులు మోస్తుంది. కానీ నా పంపు గంటకి నలభై టన్నులే తోడుతుంది."

రెండూ ఇరవైకి పంపు మొదలైంది. అయిదింటికి గాని నిండదు. గొట్టాలు చూసి ఒక సూపర్‌వైజర్ అడిగితే, మంత్రి గారొస్తున్నారని డెక్కు కడుగుతున్నామన్నాడు దగొబెర్తో. మంత్రి పేరు చెబితే మా దగ్గర ఏ పనికైనా కారణం అక్కర్లేదు.

ఇక కావలసింది గంట ఆలస్యం. మా ఊళ్లో అది అడగకుండానే దొరికే వస్తువు. నాలుగంటే అయిదు, అయిదంటే ఆరున్నర. కానీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. మంత్రి నాలుగూ అయిదుకే భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు. దేశ చరిత్రలో మొదటిసారి ఒక మంత్రి వేళకి రావడానికి ఆ రోజే దొరికింది.

వేదిక మీద మూడు దేశాల వాళ్లు వరసగా కూర్చున్నారు. మంత్రి భార్య చేతిలో షాంపేన్ సీసా. ఆమె దాన్ని పగలగొట్టగానే, కింద మీట దగ్గరున్న పనివాడు ఆఖరి గొలుసు వదిలేస్తాడు. దానికి ముందు ఆర్హెమీరో అయిదు నిమిషాలు మాట్లాడాలి. నూబియా ట్రే పట్టుకుని అతని చెవి దగ్గర వంగింది.

"డాక్టర్ గారూ, టీవీ వాళ్లకి లైను కలవలేదట. కలిసేదాకా మిమ్మల్ని మాట్లాడుతూనే ఉండమన్నారు. దేశమంతా చూస్తుందట."

ఈసారి ఆర్హెమీరో కాఫీ అడగలేదు. టై సవరించుకున్నాడు.

ఓడలు కనిపెట్టిన నాటి నుంచి మొదలుపెట్టాడు. తన బాల్యం చెప్పాడు, తన తల్లి త్యాగం చెప్పాడు, తాను కంప్యూటర్ మీద రాత్రింబవళ్లు పడ్డ శ్రమ చెప్పాడు. మంత్రికి కునుకు పట్టింది. నాలుగూ ఇరవై అయ్యేసరికి ఇవోన్ వెర్గారా ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి ఎవరికో చేసింది, మళ్లీ చేసింది, ఇంకోసారి చేసింది. అవతల ఆల్బట్రాస్ పెద్దలున్న దేశంలో రాత్రయింది. శుక్రవారం అయిదు దాటితే ఫోనెత్తే అలవాటు ఆ భయంకర ముఠాకి లేదు.

నాలుగున్నరకి మూడు దేశాల వాళ్ల ఫోన్లూ ఒకేసారి మోగాయి.

వాళ్లలో ఒక ముసలి అడ్మిరల్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. లేచి నిలబడ్డాడు.

"డాక్టర్, మీ ఓడ మునిగిందట. నా సంతాపం."

ఆర్హెమీరో ఉపన్యాసం ఆగిపోయింది. అడ్మిరల్ పైకి చదివాడు. కార్తహేనాలో ఇప్పుడే జరిగిన ఘోరానికి చింతిస్తున్నాం, ప్రాణాలు పోయిన కార్మికుల కుటుంబాలకి సానుభూతి, భద్రమైన ఓడల కోసం మా కంపెనీని సంప్రదించండి. ముందురోజే రాసి, వేళ పెట్టి, కంప్యూటర్‌కి అప్పగించి ఇళ్లకి పోయారు. ఆహ్వానంలో నాలుగని ఉంటే కార్తహేనాలో నాలుగింటికే జరుగుతుందని నమ్మిన ఆ ప్రపంచస్థాయి గూఢచారులని ఏమనాలో నాకు తెలీదు.

అందరి కళ్లూ జారుడు దారి మీద ఎండలో మెరుస్తున్న ఓడ మీదకి వెళ్లాయి. ట్యాంకుల్లో ఇంకా పద్దెనిమిది టన్నుల నీళ్లు పడాలి.

ఇవోన్‌కి ఒక్క దారే మిగిలింది. ఓడ ఇప్పుడు పడిపోతే, వార్త కాస్త ముందొచ్చినట్టవుతుంది, అంతే. ఒక్క గెంతులో వెళ్లి మంత్రి భార్య చేతిలో సీసా లాక్కుని ఓడ ముక్కుకేసి కొట్టింది. నురగ లేచింది. కింద పనివాడికి చెప్పింది నురగ చూడమనే. మీట లాగాడు.

ఓడ కదిలింది. గ్రీజు పొగలు కక్కుతుండగా జారి, వెనక భాగం నీళ్లలో దిగి, మొత్తం తేలింది. బ్యాండు మొదలైంది. పక్కగాలి ఒకటి తగిలింది. ఓడ కుడివైపు ఒరిగింది. ఒరిగి, ఆగలేదు.

బ్యాండు ఆగిపోయింది. డెక్కు మీద మనుషులు కుడి కమ్మీ వైపు జారుతున్నారు. నూబియా ట్రే వదిలేసి ఆర్హెమీరో చేతిలో మైకు లాక్కుంది.

"అన్నా, ఎడమకి. అందర్నీ ఎడమ కమ్మీకి పంపు. పాకండి, పరిగెత్తండి, ఎడమకి."

లౌడ్‌స్పీకర్లు ఓడరేవంతా అరిచాయి. ఆ సాయంత్రం ఆ మైకులోంచి వచ్చిన మొదటి పనికొచ్చే మాట అదే. దగొబెర్తో ఎదురుగా ఉన్నవాడి చొక్కా పట్టుకుని పైకి ఈడ్చాడు. ఒకరి వెనక ఒకరు నలభై మూడు మంది ఏటవాలు డెక్కు మీద పాకుతూ ఎడమ కమ్మీకి చేరి వేలాడారు. ఓడ అలాగే నిలిచింది. తర్వాత, అడుగునున్న ఎనభై ఏడు టన్నుల సముద్రం మెల్లగా కిందికి గుంజగా, ఓడ లేచి నిటారుగా నిలబడింది.

ఇవోన్ పారిపోలేదు. పారిపోనివ్వలేదు. మంత్రి భార్య ఆమె మణికట్టు పట్టుకుని, "నా సీసా," అంటూ వదల్లేదు. టీవీ లైను నిజంగానే అప్పుడు కలిసింది. ఆమె బ్యాగులోంచి పోలీసులు లిప్‌స్టిక్ తీసి, మూత తిప్పి చూసి, పైకప్పుకి చిల్లు పెట్టారు.

చీకటి పడకముందే పడవ మీద దగొబెర్తో ఒడ్డుకొచ్చాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. నూబియా అతన్ని పట్టుకుని ఏడ్చింది.

"ఊరుకోవే. నీ లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడతను.

కర్నల్ మర్నాడు ఉదయం విమానంలో వచ్చి, ఆల్బట్రాస్‌ని తానే వల వేసి పట్టానని విలేకరులతో చెప్పాడు. ఆర్హెమీరో ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రమాదం పసిగట్టబట్టే ట్యాంకులు నిండేదాకా కావాలని మాట్లాడుతూ ఉన్నానన్నాడు. మంత్రి అతనికి పతకం పెట్టి, ఆ ముందుజాగ్రత్తని యార్డు భద్రతా నియమాల్లో చేర్చమని అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. ఇప్పుడు ఏ ఓడ నీళ్లలోకి దిగాలన్నా ముందు డాక్టర్ ఆర్హెమీరో ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడి తీరాలి.